అన్నం మానేశాక జీటీటీలో షుగర్ పెరిగిందేంటి?

బ్రాడీపేట బాబు:
సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి అన్నం, ఇడ్లీ, దోసె అన్నీ బంద్. గుడ్లు, చికెన్, ఆకుకూరలు, కొబ్బరినూనె, అంతే. పొట్ట తగ్గింది, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.1 నుంచి 5.6కి దిగింది. తీరా మొన్న జీటీటీ, అదే గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టు, చేయిస్తే గ్లూకోజ్ నీళ్లు తాగిన రెండు గంటలకి 172! పరగడుపున 104, ఇన్సులిన్ 5. మందులేవీ వాడట్లేదు. ఇంత నోరు కట్టుకుంటే ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ మాట ఒళ్లు వినకపోవడం) తగ్గాలి గానీ పెరగడమేంటండీ? ఒకటే టెన్షన్.

పటమట పంతులు:
టెస్టుకి ముందు మూడు రోజులు ఏం తిన్నారు? జీటీటీకి ముందు కనీసం మూడు రోజులు, రోజుకి 150 గ్రాములకి తగ్గకుండా కార్బ్స్ (పిండిపదార్థాలు) తినాలి, అంటే సుమారు 200 గ్రాముల బియ్యం వండుకున్నంత. అవి అందకపోతే ఒళ్లు కొవ్వుని కాల్చుకోవడానికి అలవాటు పడుతుంది, రక్తంలో ఫ్యాటీ యాసిడ్లు పెరుగుతాయి, కండరాలు గ్లూకోజ్ జోలికి పెద్దగా పోవు, తిన్న వెంటనే రావాల్సిన ఇన్సులిన్ కూడా మందకొడిగా వస్తుంది. ఆ స్థితిలో 75 గ్రాముల గ్లూకోజ్ ఒక్కసారిగా తాగితే 172 రావడంలో వింతేముంది? ఇదేం కొత్త సంగతి కాదు, కార్బ్స్ తగ్గిస్తే గ్లూకోజ్‌ని తట్టుకునే శక్తి పడిపోతుందని, పెంచితే మెరుగవుతుందని హిమ్స్‌వర్త్ అనే ఇంగ్లిష్ డాక్టరు 1930ల్లోనే ఆరోగ్యవంతుల మీద చూపించాడు. మీ 104ని 5తో గుణించి 405తో భాగించండి, 1.3 దగ్గర వస్తుంది. దాన్నే హోమా ఐఆర్ అంటారు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎంతుందో అంచనా వేసే లెక్క. రెసిస్టెన్స్ ముదిరిన మనిషి లెక్కలా లేదది.

ఉలవచారు:
పంతులుగారు చెప్పింది నిజమే, అలాగని మళ్లీ బీపీటీ అన్నం కొండలా పెట్టుకుని కూర్చోకండి బాబుగారూ. ఒకప్పుడు 6.1 ఉన్న ఒళ్లు మీది. పొట్టా, లివర్‌లో కొవ్వూ తగ్గడమే అసలు లాభం, అది పోగొట్టుకోవద్దు. పెసరట్టు తినండి, లోపల ఉప్మా వద్దనండి. భోజనం అయ్యాక ఓ పావుగంట నడవండి, పనిచేసే కండరం ఇన్సులిన్‌తో పెద్దగా పని లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది. ఇది చూసి షుగర్ బిళ్లలో, ఇన్సులినో వాడేవాళ్లు మాత్రం డాక్టర్ని అడక్కుండా అన్నం మానేయొద్దు, షుగర్ డౌన్ అయి కళ్లు తిరిగి పడతారు.

బ్రాడీపేట బాబు:
ల్యాబ్‌లో రాత్రి పది దాటాక ఏమీ తినొద్దన్నారు, అంతే, కార్బ్స్ మాటే ఎత్తలేదు. డాక్టర్‌గారితో మాట్లాడి మళ్లీ చేయిస్తా. 150 నిండాలంటే పొద్దున ఇడ్లీ కూడా తినాలా?

పటమట పంతులు:
తినండి మహాప్రభో, మూడు రోజులేగా. నేతి కారప్పొడితో లాగించండి.