గులాబీ ఆకులకు నల్ల మచ్చలు: నాలుగు సార్లు మందు కొట్టినా ఆగడం లేదు

మేడమీద_కుండీలు:
నమస్కారమండీ. హైదరాబాద్‌లో మేడ మీద 12 అంగుళాల కుండీల్లో 14 గులాబీలు ఉన్నాయి. వానలు మొదలైన దగ్గర్నుంచి కింది ఆకులకు నల్ల మచ్చలు వస్తున్నాయి. నాలుగు రోజుల్లో చుట్టూ పసుపు తిరిగి, వేలు తగిలితే చాలు రాలిపోతున్నాయి. కార్బెండజిమ్ (శిలీంద్రాన్ని చంపే మందు) లీటరుకు 1 గ్రాము చొప్పున వారానికోసారి నాలుగు సార్లు కొట్టాను. కొత్త ఇగురు శుభ్రంగా వచ్చి, పది రోజులకు మళ్లీ అదే కథ. రెండు మొక్కలకు కొమ్మ చివర నల్లబడి కిందికి ఎండుతోంది. నీళ్లు సాయంత్రం పైపుతో పెడతాను, మొక్కంతా తడిసేలా. వంట సోడా కొట్టమని కొందరు, వేపనూనె చాలని కొందరు అంటున్నారు. ఏది చేయాలి?

ఎర్రమట్టి:
ముందు మచ్చను దగ్గరగా చూడండి. అంచు గీసినట్టు నున్నగా ఉందా, లేక పీల్చుడు కాగితం మీద సిరా చుక్క పడ్డట్టు చుట్టూ సన్నటి పీచులు పాకాయా? పీచులుంటే నల్లమచ్చ తెగులే (డిప్లోకార్పాన్ రోజే అనే శిలీంద్రం). మచ్చ మధ్య బూడిద రంగులో ఉండి, చుట్టూ ఊదా గీత ఉంటే అది సెర్కోస్పోరా ఆకుమచ్చ. మచ్చే లేకుండా ఆకు పసుపెక్కి రాలితే కుండీ అడుగు రంధ్రం చూసుకోండి, నీరు నిలిచి ఉంటుంది. ఆకు వెనక సన్నటి బూజుగూడు, అందులో కదిలే చుక్కలు కనిపిస్తే ఎర్రనల్లి. దానికి కార్బెండజిమ్ పనిచేయదు.

మీరు చెప్పిన దాన్నిబట్టి ఇది నల్లమచ్చే. ఇక అసలు సంగతి పైపు దగ్గర ఉంది. ఈ శిలీంద్ర బీజం మొలకెత్తి ఆకులోకి దిగాలంటే ఆకు ఏకధాటిగా ఏడు గంటలైనా తడిగా ఉండాలి. సాయంత్రం మొక్కంతా తడిపితే రాత్రి పొడుగునా ఆరదు. అంటే తెగులుకు కావాల్సిన తడిని మీరే ఇస్తున్నారు. వానను ఆపలేం గానీ పైపును ఆపగలం. పొద్దున తొమ్మిదిలోపు, మట్టికి మాత్రమే, చెయ్యి కిందికి పెట్టి పోయండి. కుండీల మధ్య జానెడు ఖాళీ, గోడకు మూరెడు దూరం ఉంచండి.

మట్టి నుంచి ఆరు అంగుళాల ఎత్తు వరకు ఉన్న ఆకులు తీసేయండి, వాన చినుకులు చిందేది అక్కడికే. పైన ఉన్న మచ్చల ఆకులు కూడా తీయాలి. కాకపోతే ఒకేసారి మొక్క ఆకుల్లో మూడో వంతు దాటొద్దు, ఇగురుకు బలం ఉండదు. రాలినవి రోజూ ఏరి చెత్తబండికి ఇచ్చేయండి. కంపోస్టు డబ్బాలో వేయకండి, ఇంటి కంపోస్టుకు ఆ బీజాలు చచ్చేంత వేడి రాదు.

కడియం_వైపు:
కార్బెండజిమ్ ఒక్కటే వరసగా నాలుగు సార్లు కొట్టడం తప్పండి. ఆ మందు శిలీంద్రంలో ఒకే ఒక్క చోట దెబ్బ కొడుతుంది. తట్టుకున్నవి మిగిలి, అవే పెరుగుతాయి. దాన్ని ఈ సీజన్‌కు పక్కన పెట్టండి.

మాంకోజెబ్ 75 శాతం పొడి లీటరుకు 2.5 గ్రాములు, వారం ఎడంతో రెండు సార్లు కొట్టండి. మూడోసారి హెక్సాకొనజోల్ 5 శాతం, లీటరుకు 2 మి.లీ. మళ్లీ మాంకోజెబ్‌కు రండి. హెక్సాకొనజోల్ మోతాదు పెంచితే ఇగురు గిడసబారి, ఆకు ముదురు ఆకుపచ్చగా మందమవుతుంది. దాన్ని ఆరోగ్యం అనుకుని మోసపోతుంటారు.

14 మొక్కలకు 3 లీటర్లు సరిపోతుంది, అంటే మాంకోజెబ్ ఏడున్నర గ్రాములు. చెంచాతో కొలవొద్దు, గ్రాముల తూకం వాడండి. పొడిని ముందు గ్లాసులో కొద్ది నీళ్లతో జావలా కలిపి, తర్వాత పంపులో పోసి నీళ్లు నింపండి. నేరుగా వేస్తే ఉండలు కట్టి నాజిల్ మూసుకుపోతుంది. మందు ఆకుకు అంటుకునేందుకు కలిపే జిగురు మందు లీటరుకు అర మి.లీ. కొడుతున్నంతసేపూ పంపును ఊపుతూ ఉండాలి, లేకపోతే పొడి అడుక్కు చేరి చివరి రెండు మొక్కలకు ఘాటు మందు పడుతుంది. నాజిల్ తిప్పి ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి. ఆకు కొన నుంచి చుక్క జారబోతుంటే ఆపండి. మాంకోజెబ్ ఆకు పైనే ఉండే మందు, గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. ఆకులు ఆరాక మళ్లీ కొట్టాల్సిందే.

చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. పక్కన చేపల తొట్టి ఉంటే మూయండి, మాంకోజెబ్ చేపలకు విషం. మందు కొట్టిన పూరేకులు గుల్కందుకు పనికిరావు.

కత్తెర:
కొమ్మ ఎండటం వేరే తెగులు, దానికి ఆకు మందు చాలదు. నల్లబడిన చోటు నుంచి రెండు అంగుళాలు కిందికి, బయటికి చూసే కన్నుకు (ఇగురు వచ్చే చోటుకు) కాస్త పైన, ఏటవాలుగా కోయండి. కోసిన చోట నడిమి బెండు తెల్లగా కనిపించాలి. గోధుమ రంగు చుక్క ఉన్నా ఇంకో అంగుళం దిగండి. కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ పేస్టు పూయండి. మొక్కకూ మొక్కకూ మధ్య కత్తెరను స్పిరిట్‌తో తుడవాలి. ఈ వానల్లో ఎండింది మాత్రమే తీయండి, పూర్తి కత్తిరింపులు వానలు తగ్గాక అక్టోబర్‌లో.

మేడమీద_కుండీలు:
చాలా థ్యాంక్సండీ. సోడా సంగతి? పోయిన చలికాలం ఇగురు మీద తెల్లటి పొడి కూడా వచ్చింది, అదీ ఇదీ ఒకటేనా? పసుపు గులాబీలకే తెగులు ఎక్కువ, ఎందుకు?

ఎర్రమట్టి:
రెండూ వేరు. తెల్ల పొడి బూడిద తెగులు. దానికి ఆకు తడి అక్కర్లేదు, పగలు పొడిగా, రాత్రి చల్లగా ఉంటే చాలు. అందుకే మనకు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు దాని రాజ్యం. లేత ఆకులు దోనెలా ముడుచుకుంటాయి. నీళ్లలో కలిసే గంధకం 80 శాతం పొడి లీటరుకు 2 గ్రాములు, ఎండ ఎక్కకముందే కొట్టండి. 32 డిగ్రీలు దాటే రోజుల్లో వద్దు, ఆకు మాడుతుంది. వేపనూనె కొట్టాక రెండు వారాల దాకా గంధకం ముట్టుకోకండి, నూనెతో కలిస్తే ఇంకా మాడుస్తుంది. ఒక వంతు పాలు, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి ఎండలో కొట్టినా బూడిద తెగులు తొలిదశలో తగ్గుతుంది. నల్లమచ్చకు మాత్రం ఆశ పెట్టుకోకండి.

వంట సోడా నాకు నచ్చదు. అందులో సోడియం ఉంది. నేలలో అయితే కొట్టుకుపోతుంది, 12 అంగుళాల కుండీలో పేరుకుని ఆకు అంచులు మాడతాయి. అప్పుడు అది ఇంకో తెగులనుకుని ఇంకో మందు కొంటారు.

పసుపు గులాబీ సంగతి పుట్టుకలోనే ఉంది. ఈ హైబ్రిడ్ పసుపు వన్నె చాలావరకు రోజా ఫెటిడా జాతి నుంచి వచ్చింది. ఫ్రాన్స్‌లో పెర్నే-డ్యూషే అనే గులాబీల పెంపకందారు దాన్ని సంకరం చేసి 1900లో 'సొలెయ్ డోర్' అనే రకాన్ని తెచ్చాడు. రంగుతో పాటు నల్లమచ్చకు లొంగే గుణమూ వచ్చింది. ఆ కుండీలను ఎండ ముందు తగిలే తూర్పు వైపుకు జరపండి.

మేడమీద_కుండీలు:
మచ్చ పడిన ఆకులు మళ్లీ పచ్చబడతాయా? మందు పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?

కడియం_వైపు:
పచ్చబడవు. మందు కొట్టిన రోజు ప్రతి కొమ్మకూ చివరి ముదురు ఆకు పైన ఊలు దారం ముడి వేయండి. లోపలికి దిగిన తెగులు పైకి మచ్చగా తేలడానికి నాలుగు నుంచి పది రోజులు పడుతుంది. అందుకే రెండో వారానికి ముందు తీర్పు చెప్పకండి. మూడు వారాలకు దారం పైన వచ్చిన ఆకుల్లో మచ్చ లేదంటే పనిచేసినట్టే. దారం కింద ఎన్ని రాలినా లెక్కలోకి తీసుకోకండి.