పాత ఓమ్నీలో ఈకో ఇంజను కూర్చోబెట్టవచ్చునా? అనుభవమున్నవారు చెప్పగలరు

అనంతపురం ఓమ్నీ:
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1998లో కొన్న మారుతి ఓమ్నీ నేటికీ మా ఇంట్లోనే ఉంది. ఏ.పి. 02 నంబరు, కార్బ్యురేటరు బండి, 796 సి.సి. మూడు సిలిండర్ల ఇంజను. ఇప్పటికి రెండుసార్లు ఇంజను బోరు చేయించాము (అరిగిన సిలిండర్లను తొలిపించడం). అయినా పొద్దున్నే స్టార్టు చేస్తే నీలిపొగ వాకిలంతా కమ్ముతోంది, 500 కిలోమీటర్లు తిరిగేసరికి అర లీటరు ఆయిలు తగ్గుతోంది. వెనుకభాగం దెబ్బతిని తుక్కుకు వచ్చిన మారుతి ఈకో వ్యాను ఒకటి మా ఊళ్లోనే అమ్మకానికి ఉంది. దాని 1196 సి.సి. ఇంజను చక్కగా నడుస్తోంది. ఈకోలో కూడా ఓమ్నీలాగే ఇంజను ముందుసీట్ల కింద పొడవుగా ఉండి వెనుక చక్రాలనే తిప్పుతుంది కనుక, దీనిని మార్చడం సాధ్యమేనని నా నమ్మకం. ఆదివారాల్లో తమ్ముడూ నేనూ కలిసి పనిచేసుకుంటాము, గడువేమీ లేదు. ఇటువంటి పని చేసినవారు ఎక్కడ ఇబ్బంది పడ్డారో తెలియజేస్తే ముందే జాగ్రత్తపడతాను.

కడప ఘాటురోడ్డు:
తమ్ముడూ, నేను 2012లో నా 2003 ఓమ్నీలో మారుతి వెర్సా వ్యాను 1298 సి.సి. ఇంజను పెట్టాను. 35 గుర్రాల శక్తి ఉండే చోట 80కి పైగా వచ్చేసరికి, మొదటి నెలంతా ఏదో ఒక సాకుతో రాయచోటికి వెళ్లివస్తూనే ఉన్నాను. ఇంజనును పట్టి నిలిపే మౌంటింగులు కొత్తగా వెల్డింగు చేయించాను, ఆయిలు చాంబరుకూ కింది అడ్డపట్టీకీ మధ్య వేలు దూరేంత సందు ఉండేలా చూసుకున్నాను. అది పెద్ద కష్టమేమీ కాలేదు.

కష్టమంతా వేడితో వచ్చింది. ఏప్రిల్ నెలలో ఆరుగురం ఎక్కి గువ్వలచెరువు ఘాటు ఎక్కుతుండగా మూడో మలుపు దాటేసరికి టెంపరేచరు ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరింది. పక్కకు ఆపి సీటు ఎత్తితే కూలెంటు తీపి వాసన గుప్పున కొట్టింది, హోసుపైపు రాయిలాగా బిగుసుకుపోయి ఉంది. రేడియేటరు ముందు బంపరు దగ్గరా ఇంజను మన సీటు కిందా ఉండటం వలన ఆ రెండింటినీ కలిపే పైపులు చాలా పొడవుగా ఉంటాయి, నీళ్లు పోసేటప్పుడు వాటిలో ఎక్కడో గాలి చిక్కుకుంటుంది. రేడియేటరు నిండినట్టే కనిపించినా ఇంజను పైభాగమైన హెడ్డుకు నీరు అందదు. తర్వాత ముందుచక్రాల కింద మొద్దులు పెట్టి బండిని జానెడు ఎత్తుకు లేపి, మూత తీసి, ఇంజను నడుపుతూ బుడగలు ఆగేదాకా కొద్దికొద్దిగా పోస్తే గాని అది సర్దుకోలేదు. పాత పలుచటి రేడియేటరును కూడా మార్చక తప్పలేదు.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను ఎంత బాగా లాగినా, దిగేటప్పుడు బండిని ఆపవలసింది బ్రేకులే. మీ బండికి ముందు కూడా డ్రమ్ములే ఉన్నాయా? ఉంటే తర్వాతి ఓమ్నీకి వచ్చిన డిస్కులూ, పెడలు మీద కాలి ఒత్తిడికి బలం చేర్చే బ్రేకు బూస్టరూ వేయించిన తర్వాతనే ఇంజను మాట ఎత్తండి.

గుత్తి లేత్ షెడ్డు:
గేరుబాక్సు నుంచి వెనుక చక్రాలకు శక్తిని చేర్చే షాఫ్టు గురించి పై అన్నగారు చెప్పలేదు కనుక నేను చెబుతాను. ఇంజను మార్చిన బండ్లు మా షెడ్డుకు వచ్చేది ఎక్కువగా ఒకే కారణం మీద: యాభై అరవై స్పీడు దాటగానే సీటు కింద గుర్రుమని అదురు. గేరుబాక్సు వెనక్కో ముందుకో జరిగితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు మారుతుంది. దానిని కోసి అతికిస్తే సరిపోదు, అతికించిన తర్వాత లేత్ మీద తిప్పి బ్యాలెన్సు చూడాలి. రెండు చివరల ఉన్న జాయింటు క్రాసుల ఫోర్కులు ఒకే వరుసలో ఉండాలి. వెల్డింగు చేసేవారు ఒక దానిని కాస్త పక్కకు తిప్పి అతికించారంటే, షాఫ్టు తిరిగిన ప్రతిసారీ రెండేసి కుదుపులు పుడతాయి.

ఇంకొక మాట. గేరుబాక్సు నుంచి బయటికి వచ్చే ఇరుసూ వెనుక చక్రాల నడుమ ఉండే డిఫరెన్షియలులోకి పోయే ఇరుసూ పక్కనుంచి చూస్తే ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఎంత జరిగిందో తెలుసుకోవడానికి మేము మేస్త్రీల తూకంగుండు వాడతాము. ఆ రెండు చోట్ల నుంచి దారం వదిలి, కింద కడపబండల మీద సుద్దతో చుక్కలు పెట్టి, ఆ చుక్కలను బండి నడిమిగీతతో కలిపి చూస్తే తేడా వెంటనే బయటపడుతుంది. మౌంటింగులకు ముందు చిన్న చుక్క వెల్డింగు మాత్రమే వేసి, ఈ కొలతలన్నీ చూసుకున్నాకనే నిండుగా వేయించండి.

కర్నూలు వైరింగు:
ఈకో ఇంజను కొనదలచుకుంటే ఇంజను ఒక్కటే తెచ్చుకోవద్దు. ఈ.సీ.ఎం. (ఇంజనును నడిపించే కంప్యూటరు పెట్టె), వైరింగు మొత్తం, సెన్సార్లు, యాక్సిలరేటరు పెడలు, తాళంచెవి, దాని ఇమ్మొబిలైజరు పెట్టె, అన్నీ అదే బండివి కావాలి. తాళాన్ని గుర్తుపట్టకపోతే ఇంజను స్టార్టు కాదు. వైర్లను కటింగ్ ప్లేరుతో కోసి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి, అటువంటిది కొని నేను ఒక వేసవి మొత్తం రంగులు వెతుక్కుంటూ గడిపాను. ప్రతి కనెక్టరుకూ కాగితంచీటీ అంటించి ఫోటో తీసుకుని విప్పండి.

కార్బ్యురేటరు బండి పెట్రోలు పైపులను, పెట్రోలును ఒత్తిడితో చిమ్మే ఇంజెక్షను ఇంజనుకు ఎంతమాత్రం వాడకూడదు. కార్బ్యురేటరుకు చాలా తక్కువ ఒత్తిడి చాలు, ఇంజెక్షనుకు సుమారు 3 బార్ల ఒత్తిడి వస్తుంది. పాత రబ్బరుపైపు పగిలిందంటే పెట్రోలు చిమ్మేది సరిగ్గా మీరు కూర్చున్న సీటు కిందనే, వేడిగా ఉన్న ఇంజను మీదనే. ఇంజెక్షను పైపులూ వాటికి తగిన క్లిప్పులూ, లోపలి పంపుతో సహా టాంకూ మార్చవలసిందే.

అనంతపురం ఓమ్నీ:
అందరికీ కృతజ్ఞతలు. నా బండికి నాలుగూ డ్రమ్ములే ఉన్నాయి. కడప అన్నగారిని ఒక్కటి అడగాలి: ఆర్.సి.లో ఇంజను మార్పు ఎక్కించుకున్నారా?

కడప ఘాటురోడ్డు:
ఎక్కించుకోలేదు, ఆ తప్పు నాదే. 2018లో 15 ఏళ్లు నిండి రెన్యూవల్‌కు తీసుకువెళితే బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు సీటు ఎత్తించి, ఇంజను నంబరు చూసి, కాగితం పక్కన పెట్టారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారుచేసిన కంపెనీ ఇచ్చిన వివరాలకు ఆర్.సి. వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కూడా చేతికి రాకపోవచ్చునన్న భయం నాకు అంతకుముందు నుంచే ఉండేది. చివరికి గోనెసంచిలో చుట్టి పెట్టిన పాత 796 ఇంజనునే దులిపి, రింగులు మార్చి, తిరిగి ఎక్కించాను. ఆరేళ్లు ఇష్టంగా నడిపిన ఇంజనును దించిన రోజు నాకు అన్నం సహించలేదు. మీకు ఆ పరిస్థితి రాకూడదు, కొనక ముందే ఆఫీసుకు వెళ్లి అడగండి.

అనంతపురం ఓమ్నీ:
ఈ వారం ఆర్టీవో ఆఫీసుకు వెళ్లివచ్చాను. 1196 సి.సి. ఇంజనును నా ఆర్.సి.లో ఎక్కించడం కుదరదని స్పష్టంగా చెప్పారు. అదే కంపెనీ, అదే 796 సి.సి., అదే పెట్రోలు ఇంజను అయితే ముందుగా దరఖాస్తు పెట్టి, ఆ ఇంజను తీసిన బండి ఆర్.సి. నకలూ కొన్న బిల్లూ జతచేసి, మార్చిన 14 రోజుల లోపల తెలియజేయమన్నారు. నా రెన్యూవల్ గడువు 2028. అప్పటికి మళ్లీ అదే సీటు ఎత్తి చూపించవలసి ఉంటుంది కనుక ఈకోను వదులుకున్నాను.

ధర్మవరంలో ఎం.పి.ఎఫ్.ఐ. (ఇంజెక్షను ఇంజను) ఓమ్నీ ఒకటి, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నది, విడిభాగాలకు అమ్ముతున్నారు. ఇంజను, టాంకు, వైరింగు, ముందు డిస్కులు, బూస్టరు, అన్నీ దాని నుంచే తెచ్చుకుంటాను. బేరం కుదిరింది, దరఖాస్తు పెట్టాను.

గుత్తి లేత్ షెడ్డు:
మంచి నిర్ణయం. గేరుబాక్సు కూడా దానిదే తెస్తే షాఫ్టును కూడా వదలకుండా తీసుకురండి. కోసే పని ఉండకపోవచ్చు.

అనంతపురం ఓమ్నీ:
షాఫ్టు కూడా మాట్లాడుకున్నాను. పాత ఇంజను ఉండగానే మొదట డిస్కులు బిగించి, ఒక నెల నడిపి చూస్తాము. రేపు ఆదివారం తమ్ముడు డ్రమ్ములు విప్పుతాడు.