డ్యూరబిలిటీని ‘దృఢత్వం’ అనొచ్చా, ‘మన్నిక’ అనాలా?

ప్రశ్న:
కాకినాడ వైపు ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం ఒక కరపత్రం తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లిషు ప్రతిలో స్ట్రెంగ్త్, డ్యూరబిలిటీ పక్కపక్కనే వచ్చాయి. రెండింటికీ ‘దృఢత్వం’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండి. డ్యూరబిలిటీకి ‘మన్నిక’ అని చక్కటి మాట ఉంది. ‘ఈ చెప్పులు రెండేళ్లు మన్నుతాయి’, ‘ఆ రంగు ఎండకు మన్నదు’, ‘నాలుగు కాలాలపాటు మన్నే సరుకు’. ఎక్కడ వాడినా అందులో కాలం లెక్క ఉంటుంది. దృఢత్వంలో అది లేదు. అయితే తిండి పదార్థాలకు మన్నిక వాడం. ఆవకాయ ఏడాది ‘నిల్వ ఉంటుంది’.

జవాబు 2:
సైట్‌లో ఈ తేడా చాలా ముఖ్యం. కాంక్రీటు బలం 28 రోజులకు క్యూబ్ పరీక్షలో (అదే కాంక్రీటుతో పోసిన చిన్న దిమ్మను నొక్కి పగలగొట్టి చూసే పరీక్ష) తేలిపోతుంది. మన్నిక అలా తేలదు. క్యూబ్ పాసైన స్లాబు కూడా కొన్నేళ్లకు పెచ్చులూడొచ్చు. సాధారణంగా కారణం లోపలి చువ్వలు తుప్పు పట్టడం. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఉబ్బి కింది కాంక్రీటును తోసేస్తుంది. ముందు చువ్వ వెంబడే సన్నటి గీతలా పగులు కనబడుతుంది.

సముద్రపు గాలిలోని ఉప్పు చువ్వదాకా చేరకూడదంటే తగినంత కవర్, అంటే చువ్వను కప్పే కాంక్రీటు పొర, ఉండాలి. కాంక్రీటు పనులకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం తీరానికి దూరంగా, ఎండావానలు తగలని చోట కవర్ 20 మి.మీ., తీరప్రాంత గాలి నేరుగా తగిలేచోట 45 మి.మీ. ఉండాలి. అలాంటి తీరప్రాంతంలో కనీసం ఎం30 (28 రోజుల బలం 30 మెగాపాస్కల్స్) కాంక్రీటు వాడాలి, నీళ్లు–సిమెంటు నిష్పత్తి బరువులో 0.45కు మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లే, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోకే వస్తుంది. పోయడానికి తేలికని మేస్త్రీ ఇంకో బకెట్ కలిపితే, ఆ మిగులు నీళ్లు ఆరిపోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఉప్పు, తేమ వాటిలోంచే దిగుతాయి. చువ్వల కింద కంకర పలుకులు పెడితే జారిపోతాయి. చువ్వలను ఎత్తిపట్టే సిమెంటు దిమ్మలే (కవర్ బ్లాకులు) కట్టించాలి. పీపీసీ (బూడిద లాంటివి కలిపిన పోజోలానా) సిమెంటైతే కనీసం పది రోజులు, వీలైతే 14 రోజులు స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి.

ప్రశ్న అడిగినవారు:
అయితే ‘బలమైన, మన్నికైన కాంక్రీటు’ అని రాయనా?

జవాబు 1:
రాయండి. ‘మన్నిక గల’ అన్నా తప్పులేదు. ‘మన్నికత్వం’ అని మాత్రం వద్దు. మన్నికే నామవాచకం, దానికి మళ్లీ ‘త్వం’ అక్కర్లేదు.

జవాబు 2:
ఆ మాట పక్కనే బ్రాకెట్లో 45 మి.మీ., 22.5 లీటర్లు కూడా వేయండి. మేస్త్రీకి చూపించడానికి పనికొస్తాయి.