రోడ్డు వెడల్పుకు ఇల్లు ఇస్తే బాండే దిక్కా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు చెప్పండి

పాతమిద్దె:
గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మాది 20 అంకణాల ఇల్లు. మా దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 72 కాదు. ముందు 15 అడుగులు, లోపలికి 48. తాత కట్టించింది. పోయిన నెల రోడ్డు వెడల్పు చేసే అధికారులు వచ్చి రోడ్డు వైపు నుంచి 12 అడుగులకు మార్కింగ్ వేసి పోయారు. లెక్కకు పోయేది 5 అంకణాలే, కానీ పైమిద్దెకు ఎక్కే మెట్లు ఉన్నది ఆ 5 అంకణాల్లోనే. ఎర్ర గీత సరిగ్గా మూడో మెట్టు పక్క గోడ మీద పడింది. మా అవ్వ పొద్దున్నే ఆ మెట్టు మీద కూర్చుని పూలు కడుతుంది, ఇప్పుడూ ఆ గీతకే వీపు ఆనించి కూర్చుంటోంది.

వచ్చినాయన ఒక అంగీకార పత్రం ఇచ్చి సంతకం పెట్టమన్నాడు. స్వచ్ఛందంగా ఇస్తున్నాను, బదులుగా టీడీఆర్ బాండ్ తీసుకుంటాను అని ఉంది అందులో. అంటే డబ్బు కాదు, వేరే చోట అదనంగా కట్టుకునే హక్కు ఇచ్చే కాగితం, కావాలంటే బిల్డర్లకు అమ్ముకోవచ్చు. ఎంత విలువకు అనే చోట ఖాళీ. అడిగితే అది తర్వాత రాస్తారమ్మా అన్నాడు. రోడ్డు వద్దని నేను అనడం లేదు. ఎంత ఇస్తారో తెలియకుండా ఇష్టపడి ఇస్తున్నానని ఎలా రాసివ్వాలి?

రేణిగుంట రోడ్డు:
అక్కా, మీ బాధ అర్థమవుతుంది, కానీ ఇంకో పక్క కూడా చూడండి. మా నాయనకు గుండె నొప్పి వచ్చిన రోజు బ్రహ్మోత్సవాల జనం, ఆ పాత వీధుల్లో ఆటో ఇరుక్కుని ముందుకూ పోలేక వెనక్కూ రాలేక అరగంట కూర్చున్నాం, ఆయన చెయ్యి నా చేతిలో చల్లబడుతోంది. దేవుడి దయవల్ల బతికాడు. తిరుమలలో మాడ వీధులు వెడల్పు చేసినప్పుడూ ఎన్నో ఇళ్ళు పోయాయి, బాధపడ్డారు. ఈరోజు గరుడసేవకు వచ్చే జనం ఆ వెడల్పు లేకుంటే ఎక్కడ నిలబడతారు? భూసేకరణ అని మొదలుపెడితే ఏళ్ళు పడుతుంది. నాలుగు రెట్ల బాండ్ ఇస్తామంటున్నారు కదా, పైగా రోడ్డు పడ్డాక మిగిలిన స్థలానికి రేటు పెరుగుతుంది.

పాతమిద్దె:
నాలుగు రెట్లంటే 20 అంకణాలకు బాండ్, సరే తమ్ముడూ. దాన్ని నేనేం చేసుకోవాలి? ఆ పాత గోడల మీద ఇంకో అంతస్తు లేపితే కూలుతుంది. అమ్ముకోవాలి. అడిగిన బిల్డర్ ముఖవిలువలో మూడో వంతు చెప్పాడు, అదీ ఆర్నెల్ల తర్వాత ఇస్తాడంట. పెద్ద స్థలం ఉండి అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళకు ఆ బాండ్ బంగారం. మాలాంటి వాళ్ళకు మెట్లు కట్టుకోవడానికి చేతిలో డబ్బు కావాలి.

చిత్తూరు వకీలు:
ఇక్కడ అసలు విషయం ఆ సంతకం. 1978లో 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయింది, నిజమే. కానీ 300ఏ అధికరణం ఉంది, చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. 2024 మేలో కోల్‌కతా మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను విడమరిచి చెప్పింది: నోటీసు ఇవ్వాలి, చెప్పేది వినాలి, కారణాలు రాసిన నిర్ణయం ఇవ్వాలి, ప్రజా ప్రయోజనం చూపాలి, న్యాయమైన పరిహారం ఇవ్వాలి, ఆలస్యం లేకుండా పని ముగించాలి. 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న 2013 భూసేకరణ చట్టంలో నోటిఫికేషన్ తర్వాత అభ్యంతరాలకు 60 రోజులు ఉంటాయి. పట్టణంలో మార్కెట్ విలువ కట్టి, కట్టడం విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా సొలేషియం, అంటే బలవంతంగా తీసుకుంటున్నందుకు అదనపు పరిహారం, ఇస్తారు.

మేడం, మీకు బాగా పనికొచ్చేది 94వ సెక్షన్. ఇంట్లో కొంత భాగమే కావాలంటే, మొత్తం ఇల్లు తీసుకోండి అని అడిగే హక్కు యజమానికి ఉంది. మెట్లు పోతే ఇల్లే పోయినట్టు అని వాదించడానికి అదే ఆధారం. అయితే ఇవన్నీ ప్రభుత్వం సేకరణకు దిగితేనే. స్వచ్ఛందంగా అని సంతకం చేస్తే అది మీరు ఒప్పుకున్న బేరం, ఆ తర్వాత ఈ సెక్షన్లు పట్టుకుని కొట్లాడటం చాలా కష్టం.

ఇంకో జాగ్రత్త: ఇంతకు ముందు ఎప్పుడైనా ప్లాన్ అప్రూవల్‌కు పెట్టి రోడ్డుకు స్థలం వదులుతామని రాసిచ్చారేమో పాత కాగితాలు చూసుకోండి.

బాడిగ అంగడి:
అందరూ ఇంటి ఓనర్ల గురించే మాట్లాడుతున్నారు. నాకు అలాంటి వీధిలోనే పదకొండేళ్ళుగా పసుపు కుంకుమ, తమలపాకుల అంగడి. స్థలం నాది కాదు కాబట్టి బాండ్ నాకు రాదు. ఓనర్ సంతకం పెట్టిన సంగతి నాకు జేసీబీ వచ్చే వారం ముందు తెలిసింది. ఇచ్చిన అడ్వాన్సు కోసం ఇప్పటికీ తిరుగుతున్నా.

చిత్తూరు వకీలు:
అన్నా, అదే 2013 చట్టంలో బాధిత కుటుంబం అంటే ఓనరు ఒక్కడే కాదు. సేకరణకు ముందు మూడేళ్ళుగా అక్కడే పని చేస్తూ బతుకుతూ, సేకరణ వల్ల ఆ జీవనాధారం దెబ్బతిన్న వాళ్ళు, బాడిగకున్న వాళ్ళతో సహా, అందులోకి వస్తారు. ఓనరుతో అంగీకార పత్రం రాయించుకుంటే మీ పేరే ఎక్కడా రాదు.

డల్లాస్ నుంచి:
ఇక్కడ అమెరికాలో 2005లో కెలో కేసని పెద్ద గొడవ జరిగింది. కనెక్టికట్‌లో న్యూ లండన్ అనే ఊరు అభివృద్ధి పేరుతో ఇళ్ళు తీసుకుంటే సుప్రీంకోర్టు 5–4తో ఊరి పక్షాన తీర్పిచ్చింది. తర్వాత పక్కనున్న ఫైజర్ కంపెనీ వెళ్ళిపోయింది, ఇళ్ళు తీసేసిన స్థలం ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉంది. దాంతో చాలా రాష్ట్రాలు చట్టాలు మార్చుకున్నాయి.

రేణిగుంట రోడ్డు:
అది ప్రైవేటు వాళ్ళకు మేలు చేసే ప్రాజెక్టు, ఇది అందరూ నడిచే రోడ్డు, రెండూ ఒకటి కాదు. బాడిగ అంగడి అన్నకు జరిగింది మాత్రం తప్పే, ఒప్పుకుంటా. సంతకానికి ముందే విలువ రాయాలనడం కూడా న్యాయమే. కానీ వకీలు గారూ, వీధిలో నలభై మంది ఇచ్చి ఒక్కరు కోర్టుకు పోతే ఆ ఒక్క ఇల్లు పదేళ్ళు రోడ్డు మధ్యకు పొడుచుకుని ఉంటుంది. ఇచ్చేసిన నలభై మందికి ఏం సమాధానం చెప్తారు?

చిత్తూరు వకీలు:
ఆ నలభై మందికీ ముందే విలువ చెప్పి, డబ్బా బాండా ఎంచుకోమని ఉంటే ఆ ఒక్కరూ కోర్టుకు పోయేవాళ్ళు కాదేమో తమ్ముడూ. అయినా మొండిగా పోయేవాళ్ళు ఒకరిద్దరు ఉంటారు, కాదనను.

పాతమిద్దె:
అందరికీ థాంక్స్. రాత్రి కూర్చుని అభ్యంతరం రాశాను. సంతకం పెట్టను, చట్టప్రకారం నోటీసు ఇవ్వండి, తీసుకుంటే మెట్లతో పాటు ఇల్లు మొత్తం తీసుకోండి, విలువ కాగితం మీద చూపించండి అని. రెండు కాపీలు తీశాను, ఒకదాని మీద రిసీవ్డ్ స్టాంప్ వేయించుకుంటాను. కింద మా ఇంట్లో ఎనిమిదేళ్ళుగా టైలరింగ్ చేసుకుంటున్న ఆయన పేరు కూడా అందులో రాశాను, ఆయన సంగతి ఇన్నాళ్ళూ నాకూ తట్టలేదు. సోమవారం పోతున్నా. ఇలాంటి అర్జీ ఇచ్చి జవాబు తెచ్చుకున్న వాళ్ళు మన జిల్లాలో ఎవరైనా ఉంటే ఆ లోపల చెప్పండి.