ప్రాగ్, బుడాపెస్ట్: సంచి భుజాన వేసుకుని వెళ్తే ఎక్కడ ఖర్చు తక్కువ?

సంచిబాటసారి: సెప్టెంబరు చివరి వారంలో బయలుదేరుతున్నాను. ప్రాగ్‌లో నాలుగు రోజులు, బుడాపెస్ట్‌లో నాలుగు రోజులు అనుకున్నాను. డబ్బు చాలకపోతే ఒక్క ఊరే. హాస్టల్లో మంచం, శాకాహారం, ట్రాములు. వీసా, విమానం లెక్క వేరు. ఏ ఊళ్ళో తక్కువవుతుంది?

డ్రెస్డెన్ వాసి: నాకు ప్రాగ్ రెండున్నర గంటల రైలు దూరం, ఐదుసార్లు వెళ్ళాను. ముందుగా ఒక మాట. పాత పట్టణం కూడలి చుట్టూ ఉన్న మారకం దుకాణాల గడప తొక్కకండి. 'కమీషన్ సున్నా' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటే నమ్మి వంద యూరోలు ఇచ్చాను. అద్దం కింద నుంచి జరిపిన కొరునాలు (చెక్ డబ్బు) లెక్కపెడితే, రావలసిన దానిలో ముప్పాతిక కూడా లేదు. వెనక్కి ఇమ్మంటే నా సంతకం ఉన్న రసీదు చూపించారు. ఆ రాత్రి రొట్టె, రెండు అరటిపండ్లతో పడుకున్నాను.

కాకినాడ కాజా: చదవకుండా సంతకం పెట్టడం మీ తప్పేనండి. కొనే ధర, అమ్మే ధర బోర్డు మీదే ఉంటాయి.

డ్రెస్డెన్ వాసి: మోసం చేసినవాణ్ణి వదిలేసి మోసపోయినవాణ్ణి నిలదీస్తారా? కంటికి ఆనింది అమ్మే ధర ఒక్కటే. మన యూరోలకు వర్తించే కొనే ధర మూలన చీమ తలకాయంత ఉంది!

పదిహేడు దేశాలు: పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాను, మీ ఇద్దరికీ అసలు సంగతి తెలియదు. వెయ్యి యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లోగా రద్దు చేసుకునే హక్కు చెక్ చట్టంలోనే ఉంది. రసీదు పట్టుకుని అదే దుకాణానికి వెళ్తే డబ్బు తిరిగి ఇచ్చి తీరాలి.

డ్రెస్డెన్ వాసి: ఆ హక్కు వచ్చింది 2019 ఏప్రిల్‌లో. నేను నష్టపోయింది 2018లో. తెలియదు అనే ముందు ఎప్పుడు జరిగిందో అడగవలసింది.

కాకినాడ కాజా: అదైతే నాకు తెలియదు. తప్పు మీదే అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. చదివి సంతకం పెట్టాలన్న మాట మాత్రం తీసుకోను.

గోంగూర: శాకాహారం అన్నారు కదా, దాని గురించి ఒక్కరూ మాట్లాడరేమి? బుడాపెస్ట్‌లో లాంగోష్ అని మన పూరీకి పెద్దన్న దొరుకుతుంది. వెల్లుల్లి రసం పూసి, పుల్లటి మీగడ, చీజ్ వేస్తారు. ఒకటి తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు. కొన్నిచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు, నూనెలోనేనా అని అడిగి తీసుకోండి. చిక్కుడు గింజల సూప్ కదా అని నమ్మకండి, అందులోనూ మాంసం ఉంటుంది. ప్రాగ్‌లో నేను వేయించిన చీజ్ మీదే బతికాను.

పదిహేడు దేశాలు: విమానాశ్రయం దగ్గరే జేబు ఖాళీ అవుతుంటే తిండి గోల ఎందుకు? బుడాపెస్ట్‌లో 100ఈ బస్సుకు ప్రత్యేక టికెట్ కొనాలి. 2023లో నేను 2200 ఫోరింట్లు (హంగరీ డబ్బు) ఇచ్చాను. 200ఈ ఎక్కి మూడో నంబరు మెట్రో మారితే మామూలు టికెట్లు రెండు చాలు, అప్పట్లో 900. ప్రాగ్‌లో విమానాశ్రయం బస్సుకూ ఊళ్ళో టికెట్టే, అప్పట్లో 40 కొరునాలు.

గోంగూర: టికెట్ కొంటే చాలదు, యంత్రంలో ముద్ర వేయించాలి. మొదటి నంబరు మెట్రో 1896 నాటిదని మురిసిపోతూ మెట్లు దిగి, ముద్ర మరిచిపోయాను. తనిఖీవారు పట్టుకుని వేసిన జరిమానాతో మూడు రోజులు తినేదాన్ని. చేతిలో టికెట్ ఉన్నా దొంగలా నిలబడ్డాను.

సంచిబాటసారి: మూడు గంటల నియమం రాసుకున్నాను. ఇంతకీ ఏ ఊరు?

డ్రెస్డెన్ వాసి: 2023 అక్టోబరులో మంచానికి రాత్రికి ప్రాగ్‌లో 22 యూరోలు, బుడాపెస్ట్‌లో 16 ఇచ్చాను. రోజు పాసు అప్పట్లో ప్రాగ్‌లోనే చవక: 120 కొరునాలు, బుడాపెస్ట్‌లో 2500 ఫోరింట్లు. మంచం దగ్గర మిగిలినదాన్ని బుడాపెస్ట్‌లోని సేచెన్యి వేడినీటి స్నానాలు మింగేస్తాయి. అవి వద్దనుకుంటే బుడాపెస్ట్. మీ తేదీల్లో 28 పడుతుంది కదా? ఆ రోజు చెక్ దేశంలో సెలవు, పెద్ద దుకాణాలన్నీ మూసేస్తారు. ప్రాగ్‌లో ఉంటే రొట్టె 27నే కొనిపెట్టుకోండి.