గేటు పక్క వేపచెట్టు, ఉండేలు, రెండు ఉడుతలు

మాధవరం వాసి:
ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ గేటు పక్క వేపచెట్టు మీద రెండు ఉడుతల్ని ఒకతను ఉండేలుతో కొట్టి సంచిలో వేసుకున్నాడు. కూరకట. ఫారెస్టువాళ్లకు ఫోన్ చేశాను. వన్యప్రాణుల చట్టం 1972 నుంచీ ఉంది కదా. తప్పు చేశానా?

పొన్నేరి రైతుబిడ్డ:
చేశారు. అతను నరికురవ అయ్యుంటాడు, వేటాడి బతికే సంచార జాతి, మావైపు నక్కలోళ్లంటాం. తాతల నాటి తిండి అది. పైగా పాత చట్టం నాలుగో షెడ్యూల్లో, అంటే కాపాడాల్సిన జంతువుల జాబితాల్లో ఒకదాంట్లో, పేరు పెట్టి రాసింది ఐదు చారల ఉడుతను. మన చెన్నైలో తిరిగేది మూడు చారలది.

మాధవరం వాసి:
చారలు లెక్కపెట్టి కొట్టాడా?

పొన్నేరి రైతుబిడ్డ:
మీరు లెక్కపెట్టి ఫోన్ చేశారా?

టీ.నగర్ అక్క:
రాములవారు నిమిరిన గుర్తులు మూడేనండీ. ఎలా తినబుద్ధవుతుందో!

కోర్టు గుమాస్తా:
పాత షెడ్యూళ్లతో వాదించకండి. 2022 సవరణలో వాటిని తిరగరాశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. మామూలు నేరాలకు జరిమానా 25 వేల నుంచి లక్ష దాకా పెంచారు. ఇంకోటి, ఉచ్చు వేసినా, బోనులో పట్టినా చట్టం లెక్కలో వేటే. చంపక్కర్లేదు.

పొన్నేరి రైతుబిడ్డ:
అయితే మీ మెట్ల కింద ఎలుకలకు పెట్టే జిగురు అట్టల సంగతేంటి? మా ఆఫీసు బిల్డింగులో ఉడుత పిల్ల దానికి అంటుకుని రెండు రోజులు కీచుకీచుమంది. ఎవరూ ఫోన్ చేయలేదు. చిన్నప్పుడు మా నాన్న ఉడుతను తాటాకు మంట మీద కాల్చి, బూరు గీకి, మిరియాలు దంచి వండేవాడు. తీరా చూస్తే గుప్పెడు మాంసం, నలుగురం. ఉండేలు చేతిలో ఉందని ఆయన్ని ఓ రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. పాముతోళ్ల వ్యాపారం ఆగాక పాములు పట్టే ఇరుళర్లకు 1978లో సహకార సంఘం వచ్చింది, విషం తీసి బతికారు. నరికురవలకు ఏం చూపించారు? ఎస్టీ జాబితాలో చేర్చే బిల్లు పార్లమెంటు దాటడానికే 2022 డిసెంబర్ దాకా పట్టింది.

మాధవరం వాసి:
మీ నాన్నగారి సంగతికి నన్నెందుకు తిడతారు? ఆ ఉండేలు రాయి మా పాప చెంప పక్కనుంచి పోయి గోడకు తగిలింది. రాత్రంతా నాకు నిద్ర లేదు.

పొన్నేరి రైతుబిడ్డ:
ఆ మాట మొదటే చెప్పాల్సింది. పిల్ల గురించి భయపడి అతన్ని ఉడుతల కేసులో ఇరికిస్తారా?

మాధవరం వాసి:
పోలీసులంటే పెద్ద గొడవవుతుందని ఫారెస్టుకు చేశాను.

పెరంబూర్ తాతయ్య:
బాబూ, చిన్నదే అయినా కేసు కేసే. అతనికి బెయిలుకు ఎవరున్నారు?

మాధవరం వాసి:
రేపు వెళ్లి రాయి సంగతి కూడా చెబుతాను. జిగురు అట్టలు తీయిస్తాను. ఉండేలుతో మాత్రం మా గేటు దగ్గరికి రానివ్వను.

పొన్నేరి రైతుబిడ్డ:
రానివ్వకండి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా, లేదా? అది చెప్పండి.