‘మదనములకు’ అంటే ఏ పువ్వుకు?

రంగులపెట్టె (మల్లేశ్వరం, బెంగళూరు): మా అమ్మమ్మ పూలు కడుతూ పోతన భాగవతంలోని ‘మందార మకరంద’ పద్యం పాడేది. మందారం తేనెలో తేలే తుమ్మెద (‘మధుపంబు’) వేరే చోటికి పోతుందా అని అడిగే మొదటి పాదం చివర ‘మదనమునకు’ అనేదని నా చెవిలో ఉండిపోయింది. పుస్తకంలో ‘మదనములకు’ అని ఉంది. ఏది సరి? నాకిది ఛందస్సు సందేహం కాదు, బతుకుతెరువు సందేహం. ఆ పద్యంలోని తుమ్మెద, రాయంచ, కోయిల, చకోరం – నాలుగింటినీ బట్ట మీద అచ్చు కోసం చేత్తో గీస్తున్నాను. కాగితం మధ్యలో మందారం, దాని మీద తుమ్మెద. తర్వాత కాగితాన్ని నిలువునా కోసి, కుడి ముక్కను ఎడమకూ ఎడమ ముక్కను కుడికీ మార్చి అతికించాను. అడ్డంగానూ అంతే. ఇలా చేస్తే అంచుల్లోని ఖాళీ నడిమికి వస్తుంది. దాన్ని పూరిస్తే బట్ట ఎంత పొడవున్నా అతుకు కనబడదు. ఆ ఖాళీలో పెట్టాల్సింది తుమ్మెద పోని పువ్వు. ఒకటా, గుత్తా? అసలు ఏ పువ్వు? చదివేటప్పుడు ఏదో ఒక పువ్వు అనుకుని దాటిపోయాను. గీసేటప్పుడు రేకులు లెక్కపెట్టాలి కదా.

గణవిభజన: ‘ములకు’. తరంగిణులకు, కుటజములకు, నీహారములకు – నాలుగు పాదాలూ ‘లకు’తోనే ముగుస్తాయి. అమ్మమ్మగారి తప్పేమీ లేదు. ములకు అన్నా మునకు అన్నా మూడు లఘువుల నగణమే, పాడే నాలుకకు అడ్డు తగలదు. బహువచనం కాబట్టి గుత్తి గీయండి.

పాతప్రతి: మిగతా మూడు పాదాల్లో ఉంది కాబట్టి ఇక్కడా ఉండాలనడం అచ్చువేసేవారి పద్ధతి, పాఠపరిష్కర్తల పద్ధతి కాదు. పాడేవారి నోట నిలిచిన పాఠాన్ని అంత తేలిగ్గా తోసేయకూడదు.

గణవిభజన: అయితే ‘మునకు’ ఉన్న ప్రతి ఒక్కటి చూపించండి. అమ్మమ్మగారు కాకుండా.

జయనగర్ తాతయ్య: అమ్మా, మదనం అంటే ఉమ్మెత్త. ఉమ్మెత్త పేర్లు చెబుతూ అమరకోశంలో అమరసింహుడు ‘మాతులో మదనశ్చ’ అన్నాడు. తెల్లటి బాకా పువ్వు, నీ ఖాళీలో చక్కగా ఒదుగుతుంది.

మంగకొమ్మ: అదే అమరంలో ‘శల్యశ్చ మదనే’ అని కూడా ఉంది తాతయ్యగారూ. అక్కడ మదనం మంగచెట్టు, మన ఆయుర్వేదం వాళ్ళు వాంతి చేయించడానికి వాడే మదనఫలం దానిదే. మకరందం తాగి తేలుతున్నవాడిని కక్కించే చెట్టు దగ్గరికి పొమ్మనడంలో ఉన్న చురుకు ఉమ్మెత్తలో ఎక్కడిది? పైగా ఉమ్మెత్త సాయంత్రం విచ్చే పువ్వు. దాని కోసం వచ్చేవి రాత్రి తిరిగే పెద్ద రెక్కలపురుగులు. పగటి తుమ్మెదకు దానితో పోటీ ఏమిటి?

జయనగర్ తాతయ్య: పోతన పద్యం రాస్తున్నాడు, వృక్షశాస్త్రం పరీక్ష రాయడం లేదు.

హాలికుడు: క్షమించాలి, ‘హాలికులైన నేమి’ అన్న కవికి ఏ పువ్వు ఎప్పుడు విచ్చుతుందో తెలియదంటారా? ‘బాలరసాలసాల నవపల్లవ’ అని ఎత్తుకున్నాడక్కడ. ఇక్కడ కోయిల తినేదీ ‘లలిత రసాల పల్లవ’మే. మామిడి చిగురంటే ఆయనకు ఎంత ఇష్టమో చూడండి.

పాతప్రతి: అది చాటువు. పోతనది అని చెప్పుకుంటాం, అంతే. పైగా ‘మధుపంబు’తో యతి కుదరాలంటే అక్కడ మకారమే రావాలి. ‘ఉమ్మెత్త’ అనే వీలే లేదు. యతి అడిగిన పువ్వును పెట్టాడు, ఇందులో పొలం అనుభవం ఏముంది?

హాలికుడు: యతి కోసం పువ్వును వెతుక్కునే కవి కాదు ఆయన. బమ్మెర మట్టిలో…

నిర్వాహకుడు: పోతనది బమ్మెరా ఒంటిమిట్టా అన్న చర్చ పోయినేడాదే మూసేశాం. మళ్ళీ తెరిస్తే ఈ దారం తెంపేస్తాను.

కరక్కాయ: మాది పెడన, ఇప్పుడు యశవంతపురంలో ఉంటున్నాను. నా లెక్కలో మదనం పువ్వే కాదు. సంస్కృతంలో మదనం అంటే మైనం అని కూడా అర్థం ఉంది. మదనం, మయణం, మైనం – మాట ఇలా అరిగింది. మకరందం ఉండగా తుమ్మెద మైనానికి పోతుందా అని అడుగుతున్నాడు కవి. కలంకారీలో నీలిమందు పట్టకూడని చోట మైనం పూస్తారు కాబట్టి మీ ఖాళీని ఖాళీగానే వదిలేయండి. అర్థానికి అర్థం, పనికి పని.

గణవిభజన: మైనానికి బహువచనమా? ‘మైనములకు’ అని ఎవరంటారండీ?

పాతప్రతి: చూశారా, ‘మునకు’ అయితే ఆ చిక్కే లేదు.

కరక్కాయ: సరే, మైనం సంగతి మీరే తేల్చుకోండి. అచ్చు గురించి మాత్రం వినండమ్మా. గుత్తి పెడితే ఆ చోటు బరువెక్కి, పది అడుగుల దూరం నుంచి బట్ట మీద అడ్డచారలు కనిపిస్తాయి. రెండో నిలువు వరుసను సగం దించి వేయండి, చారలు విరిగిపోతాయి. తుమ్మెదలన్నీ ఒకవైపే చూస్తుంటే రేషను దుకాణం ముందు వరుసలా ఉంటుంది, ఒకదాన్ని తిప్పండి. ఇంకో మాట. ఈ సీసపద్యమే ఒక చీర. నాలుగు పాదాలూ ఒకే అచ్చు – ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. కింది తేటగీతి కొంగు. కొంగులో పిట్టలూ చెట్లూ ఉండవు, పాదారవిందం ఒక్కటే. మీరూ అలాగే వేయండి.

గణవిభజన: ఇది బాగుంది. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ బాగుంది.

రంగులపెట్టె (మల్లేశ్వరం): కొంగు సంగతి నాకూ నచ్చింది. పువ్వు దగ్గర మాత్రం కొత్త చిక్కు వచ్చిపడింది. ఉదయం చూసి గీద్దామని పూలమ్మే ఆవిడను మందార అడిగాను. ఎర్ర మందారం చూపించి కన్నడంలో ‘ఇది దాసవాళ’ అంది. మందార అంటే వీధి చివరి చెట్టట. వెళ్ళి చూస్తే మన దేవకాంచనం! గిట్టలా చీలిన ఆకుతో సహా.

మంగకొమ్మ: తమిళులకూ అదే మందారై. మనం దాసానిని మందారం చేసుకున్నాం. అమరంలో మందారం ముందు దేవతరువు, తర్వాత బాడిద చెట్టు, ఆ తర్వాత జిల్లేడు. మీరు గీసిన ఎర్ర మందారం వీటిలో ఏదీ కాదు.

జయనగర్ తాతయ్య: తెలుగు కవి తెలుగు మందారం రాశాడు! మందాకినిలో, అంటే ఆకాశగంగలో, రాయంచ ఉంది కాబట్టి దేవతరువే అంటారేమో, మరి మామిడి చిగురు కూడా స్వర్గం నుంచే దిగిందా?

హాలికుడు: ఎర్ర మందారం దగ్గర నేను తుమ్మెద కంటే తేనెపిట్టనే ఎక్కువగా చూశాను.

రంగులపెట్టె (మల్లేశ్వరం): దయచేసి తుమ్మెదను పిట్టగా మార్చమనకండి. ఇప్పటికి మూడు కాగితాలు కోశాను. రేకులైనా దారి చూపిస్తాయేమోనని లెక్కపెట్టాను. మందారానికి ఐదు, దేవకాంచనానికి ఐదు, మంగపువ్వుకు ఐదు, ఉమ్మెత్త అంచున మొనలూ ఐదే. ప్రస్తుతానికి ఖాళీలో ఒక మొగ్గ పెట్టాను, విచ్చాక ఏదైనా కావచ్చు. రెండో పాదానికి వెళ్తున్నాను. అక్కడ హంసా నీళ్ళూ తప్ప పువ్వు లేదు, హాయి.

జయనగర్ తాతయ్య: రాయంచ అంటే ముక్కూ కాళ్ళూ ఎర్రగా ఉండాలమ్మా, ఒళ్ళు తెలుపు. ‘చంచుచరణైర్లోహితైః సితాః’ – అమరం.

రంగులపెట్టె (మల్లేశ్వరం): ఎరుపుకు ఇంకో అచ్చు చెక్కించాలి తాతయ్యగారూ. ముక్కు వరకూ, కాళ్ళ వరకూ!

కరక్కాయ: కాళ్ళు నీళ్ళలో ఉంచేయండి. ముక్కుకు మందారం ఎరుపే సరిపోతుంది.

గణవిభజన: కాళ్ళు ఎక్కడున్నాయన్నది తర్వాత. మీ ప్రతిలో ‘రాయంచ’ తర్వాత ‘సనునే’ ఉందా, ‘చనునే’ ఉందా?